బెల్లానికి తూగిన పోలరాజు

పోలరాజు అన్నానికి కూర్చుంటే నేను మా వరండా తలుపు వేసుకునేదాన్ని. అన్నం ఎదుట ఏవగించుకోవడం పాపమని తెలుసు. మా ఊరి బడిలో చదువుకునే రోజుల్లో మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకునేవాళ్ళం. అయినా ఆ కంచాన్నీ, ఆ చెమటనీ చూస్తూ, ఆ చప్పుడు వింటూ కూర్చోలేకపోయేదాన్ని.

టాటానగర్లో సీతారాండేరా బస్తీలో వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. వరండాల మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. పోలరాజు ఆ వరండాలోనే పీట వేసుకుని తినేవాడు. లోపల గదిలో అతను కూర్చుంటే వడ్డించే మనిషికి చోటు మిగిలేది కాదు.

ఆ కంచం అతని పెళ్ళాం నూకమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. కంచుది, బెత్తెడు లోతు. నూకమ్మ అందులో అన్నం గుట్టగా పోసి, గరిటె వెనక వైపుతో నడుమ గుంట చేసి, ఆ గుంట నిండా పప్పు పోసేది. పోలరాజు ఆ గుట్టని ఒక పక్కనుంచి కూల్చుకుంటూ వచ్చేవాడు. బత్తాయి పండంత ముద్ద. నమిలేవాడు కాదు, మింగేవాడు. పులుసు మోచేతిదాకా కారేది. మెడ మడతల్లో ఊరిన చెమట గడ్డం మీదుగా జారి కంచంలోనే పడేది. ముక్కుతో ఊపిరాడక ముద్దకీ ముద్దకీ మధ్య నోరు తెరిచి గాలి పీల్చుకునేవాడు. ఆకలిగొన్న మనిషి తింటుంటే చూసేవాళ్ళకి కూడా హాయిగా ఉంటుంది. ఇతని మొహంలో ఆకలి ఉండేది కాదు. ఎవరో మోయమన్న బస్తా మోస్తున్నట్టు తినేవాడు. నాకు అదే ఎక్కువ రోతగా ఉండేది.

ఇలా రాశానని అతన్ని చెడ్డవాడనుకోకండి. వీధి కుళాయి దగ్గర పెద్దవాళ్ళెవరు నిలబడినా బిందె తను ఎత్తుకెళ్ళి వాళ్ళ గడపలో దించేవాడు. వెనక వీధిలో ఒంటరిగా ఉండే ఒడియా ముసలమ్మకి కిరసనాయిలు క్యూలో తను నిలబడి తెచ్చిచ్చేవాడు. ఎవరికీ వద్దు అని చెప్పడం చేతకాని మనిషి. నీళ్ళు మోయమన్నవాళ్ళకీ చెప్పలేడు, ఇంకాస్త తినమన్నవాళ్ళకీ చెప్పలేడు.

వాళ్ళది అనకాపల్లి దగ్గర పల్లె. టాటానగర్ స్టేషన్లో రైలు దిగిన నాటికి పోలరాజు ఎముకలకి చొక్కా తొడిగినట్టుండేవాడట. కార్ఖానాలో ఖలాసీగా చేరి, బరువులకు గొలుసులు తగిలించే పని చేస్తూ, పై వాళ్ళని చూసి క్రేను నడపడం నేర్చుకున్నాడు. పెళ్ళయిన మరుసటి ఏడు టైఫాయిడు వచ్చింది. మంచానికీ మనిషికీ తేడా తెలియనంతగా చిక్కిపోయాడు. అప్పుడు నూకమ్మ తన పేరున్న తల్లికే మొక్కుకుంది. "నూకాలమ్మ తల్లీ, నా మావని బతికించు. ఆడెంతుంటే అంత బెల్లం తూసి నీకిచ్చుకుంతాను" అని.

తల్లి బతికించింది. కానీ ఆ మంచంలో చూసిన ఎముకల భయం నూకమ్మ గరిటెని వదల్లేదు. మా వైపు ఇంకో ఆచారం కూడా ఉంది. మారు వడ్డించకుండా ఎవరినీ విస్తరి ముందునుంచి లేవనివ్వరు. ఒక్కసారి పెట్టి ఊరుకోవడం చావింటి వడ్డన. అందుకని పోలరాజు మొదటి గుట్ట ముగించేసరికి అంతే గుట్ట మళ్ళీ పడేది. ఇంట్లో ఇదయితే, డ్యూటీకి పోతూ గేటు దగ్గర జిలేబీ, మధ్యాహ్నం నాలుగు గిన్నెల కారియరు, వస్తూ కచోరీలు. బస్తీలో పెళ్ళయితే సరే సరి. పోలరాజుని బంతి మొదట్లో కూర్చోబెట్టి చుట్టూ మూగేవారు.

"ఎయ్యరా లడ్లు! సూద్దారి, ఈ పొట్టకి అడుగున్నాదో లేదో!"

"పోలరాజు మావా, ఇది గానీ ఒగ్గేత్తే మా ఇంటి పెళ్ళికి అవమానమే!"

అతను నవ్వేవాడు. తినేవాడు. వాళ్ళు నవ్వేవారు. ఒకసారి అలాంటి పెళ్ళిలో పందిరి వెనక్కి వెళ్ళి గోడ పట్టుకుని వాంతి చేసుకుంటుంటే చూశాను. మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అతని మీద కంటే, నెయ్యి గిన్నె పట్టుకుని అతని కోసం ఎదురుచూస్తున్న మనుషుల మీద నాకు అసహ్యం వేసింది.

టైఫాయిడు తగ్గిన చాలా ఏళ్ళకి, ఒక మాఘమాసంలో నిచ్చెన దగ్గర సంగతి జరిగింది. మా ఆయన ఆ కార్ఖానాలోనే ఫిట్టరు కాబట్టి కళ్ళారా చూసి వచ్చి చెప్పాడు. క్రేను పైకప్పు కింద పట్టాల మీద నడుస్తుంది. దాని గదిలోకి వెళ్ళాలంటే గోడవెంట నిటారుగా ఉన్న ఇనప నిచ్చెన ఎక్కాలి. పోలరాజు సగం ఎక్కి ఆగిపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. పొట్ట కడ్డీలకు ఒత్తుకుపోయి, నోరు తెరుచుకుని గాలికోసం కొట్టుకుంటున్నాడు. పొద్దున తిన్న చద్దన్నమూ జిలేబీలూ గొంతులోకి ఎగదన్ని చొక్కా మీద కారాయి. కింద ఉన్నవాళ్ళు నవ్వడం మానేశారు. రామ్‌బిలాస్ అనే బీహారు ఖలాసీ గబగబా వెనకే ఎక్కి, అతని బూటు కింద తన భుజం పెట్టాడు.

"పోలరాజు భాయ్, నీచే మత్ దేఖో. మైఁ హూఁ న" అంటూ, కిందికి చూడొద్దు, నేనున్నాను అంటూ, ఒక్కొక్క మెట్టే దించుకొచ్చాడు. మర్నాడు తన భుజం పైకి లేవకపోయినా, పోలరాజుకి ఎలా ఉందని అడగడానికి వాళ్ళింటికి వచ్చి వెళ్ళాడు.

కార్ఖానా డాక్టరు తూచి చూస్తే పోలరాజు క్వింటాలుకి కాస్త తక్కువ. ఆషాఢంలో రథయాత్ర అయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తానన్నాడు. ఒళ్ళు బాగా తగ్గి, రొప్పకుండా నిచ్చెన ఎక్కితే క్రేను ఉంటుంది. లేకపోతే కింద కూలీల గ్యాంగులోకి పోవాలి.

ఆ సాయంత్రం పోలరాజు మా గుమ్మంలో కూర్చుని మా ఆయనతో అన్నాడు. "బావా, కిందోడు నా కేసి సూసి సెయ్యూపితే బరువు లేత్తాది. సెయ్యి దించితే దిగుతాది. ఆ గదిలో కూకుంతే నాను మడిసిని బావా. కిందకొత్తే ఏటుంది? పొట్టే కదా."

నాకు కళ్ళు చెమర్చాయి. ఇంక ఆ ఇంట్లో వడ్డన మారుతుందనుకున్నాను.

ఆ రాత్రి పోలరాజు పీట మీద కూర్చుని, "నూకీ, కాసింతే ఎట్టు" అన్నాడు. నూకమ్మ వినపడనట్టే గుట్ట పోసింది. గుంట చేసింది. పప్పు పోసింది. నేను ఉండబట్టలేక పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను.

"డాక్టరలగ సెప్పినాక కూడా మల్లీ అదే గుట్టేటి నూకమ్మా?"

"తగ్గిత్తానప్పా. తగ్గించనని నానన్నానేటి? కొత్తమాస ఎల్లిపోనీ, తూకం అయిపోనీ."

మా వైపు అప్పా అంటే అక్క. తూకం అంటే ఇన్నేళ్ళూ తీరకుండా ఉన్న ఆ పాత మొక్కు. బస్తీలో మనవాళ్ళు చందాలేసుకుని కట్టుకున్న నూకాలమ్మ గుడి ఆ ఏడే పూర్తయింది. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య ఆ తల్లి పండుగ. ఆ రోజు పోలరాజుని తక్కెడలో కూర్చోబెట్టి బెల్లానికి తూచాలని నూకమ్మ నిర్ణయం.

"తూకానికీ తిండికీ ఏటి సంబందం?"

"అదేటలగంతావు? అమ్మోరు నాకిచ్చిన మడిసీడు. ఇచ్చినంతా సూపించకుండా ఎండగట్టీసి, సగం సేసీసి తక్కెట్లో కూకోబెడితే దొంగతూకం కాదేటి? కోమటోడు రాయి తగ్గించి ఏసినట్టు."

"అమ్మోరికి తెలీదేటి?"

"తెలుసును గాబట్టే నా బయం."

భక్తి కలదాన్నే నేనూ. కానీ ఆ మాట వింటుంటే భక్తికి కూడా జిడ్డు పట్టినట్టనిపించింది.

ఆ పండుగ దాకా ఆ ఇంట్లో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. తగ్గడం మాట అటుంచి, తగ్గాడని ఎవరైనా అంటారేమోనని నూకమ్మ ఇంకా పెంచింది. పొద్దున చద్దన్నంలో పెరుగు, దాని మీద వేయించిన ఎండుచేపలు. డ్యూటీ నుంచి రాగానే నేతిలో ముంచిన మినపరొట్టె. పోలరాజు కంచానికి మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని ముద్ద నోట్లో కుక్కేది. అతని కళ్ళల్లో నీళ్ళు. పెదాల పక్కన నెయ్యి. గొంతులోంచి పులితేపు వచ్చి ఆగి, మళ్ళీ దిగేది.

వాళ్ళ కూతురు చిన్నమ్మిది బళ్ళో హిందీ చదువు. ఇంట్లో తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చేది. "అమ్మా, బస్ కరో న! బాబూ కో ఔర్ మత్ దో!" అని ఏడ్చేది, చాల్లే, నాన్నకి ఇంక పెట్టకు అని.

"నువ్వూరుకోయే. నీ బాబుని మంచం మీద ఎముకల్లా సూసినదాన్ని నాను" అనేది తల్లి.

దానికి తోడు బెల్లం. ఊరినుంచి గోనెల్లో, రైల్లో వచ్చింది. వరండాలో పేర్చారు. ఎండలు ముదిరి దిమ్మలు కరిగి, గోనె గుడ్డలు నల్లగా తడిసి, నేల మీద పాకం పారింది. చీమలు బారులు తీరాయి. ఈగలు ఎంతగా ముసిరాయంటే గోనెలే రొద చేస్తున్నట్టుండేది. ఆ తీపి వాసనా, పులిసిన చెమట వాసనా, ఎండుచేపల వాసనా కలిసి పిట్టగోడ దాటి మా దేవుడి పటం దాకా వచ్చేవి. సాంబ్రాణి వేసినా పోయేవి కావు. పోలరాజు ఆ గోనెల పక్కనే కూర్చుని తినేవాడు. ఒకే వరండాలో అటు బెల్లం ఉబ్బుతోంది, ఇటు మనిషి ఉబ్బుతున్నాడు.

కొత్త అమావాస్య నాడు గుడి ముందు కట్టెల అడితి నుంచి తెచ్చిన పెద్ద తక్కెడ కట్టారు. గొలుసులకు రెండు చెక్కపలకలు. గుడి పని చూసే ముసలయ్య పసుపు రాసి బొట్లు పెట్టాడు. ఆయన రైల్వేలో చేసి దిగిపోయిన మనిషి. నిదానస్తుడు. బస్తీ అంతా చేరింది. తల్లి ముఖం చూడ్డానికి వచ్చినవాళ్ళు తక్కువ, పోలరాజు పొట్ట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎక్కువ.

నూకమ్మ అతనికి పొద్దున్నే పులిహోర పెట్టి తీసుకొచ్చింది. చాలదన్నట్టు జనం మొదలెట్టారు.

"మావా, రెండు అరిటిపళ్ళు ఏస్కో, ముల్లు బాగా దిగుతాది!"

"ఒరే, నీల్లు కూడా పట్టండర్రా, నీల్లకి మాత్రం బరువు లేదేటి?"

ఒకడు పండు ఒలిచి నోటికందించాడు. ఇంకొకడు లడ్డూ. పోలరాజు వద్దనలేదు. ఎప్పుడన్నాడు గనక? ఇద్దరు పట్టుకుని పలక మీద కూర్చోబెట్టారు. బాసింపట్టు వెయ్యబోతే కాళ్ళు మడవలేక చాపుకున్నాడు. గొలుసులు కిర్రుమన్నాయి. అవతలి పలక మీద ముసలయ్య దిమ్మ మీద దిమ్మ పేర్చాడు. గోనెలన్నీ ఖాళీ అయ్యాయి. పోలరాజు పలక నేలకంటుకునే ఉంది.

జనం ఈలలేశారు. నూకమ్మ మొహంలో ఒక వెలుగు. కొంగుతో చెమట తుడుచుకుని, కొట్టుకు పరుగెత్తి, చేతికందినంత బెల్లం మోసుకొచ్చింది. అది పడ్డాక పలక లేచింది. నేల విడిచి, గాలిలో ఊగింది.

ఆ ఊపుకి పోలరాజు మొహం పాలిపోయింది. చెయ్యి గాలిలో దేనికోసమో వెతికింది. "నూకీ" అన్నాడు. అంతే. వాంతి భళ్ళున వచ్చింది. అతని ఒడిలో, గొలుసుల మీద, ఎదురుగా ఉన్న బెల్లం దిమ్మల మీద. మళ్ళీ వచ్చింది. మళ్ళీ.

ఈలలు ఆగిపోయాయి. ముందు నిలబడ్డవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు. ఇంతసేపూ పళ్ళు ఒలిచి పెట్టినవాడు ఛీ ఛీ అంటూ అందరికంటే దూరంగా పోయాడు. బెల్లం మీద వాలిన ఈగలు కాసేపు చెదిరి, రెండింటి మీదా కలిపి వాలాయి.

ముసలయ్య అభిషేకానికి పెట్టుకున్న పసుపు నీళ్ళ బిందె ఎత్తుకొచ్చి, తన తువ్వాలు తడిపి పోలరాజు మొహం, మెడ, ఛాతీ తుడిచాడు. నేనూ మా ఆయనా పట్టుకుని కిందికి దించి నీడన పడుకోబెట్టాం.

నూకమ్మ నేల మీద కూలబడింది. మైలపడిన మొక్కు ఎదురుగా. మెల్లిగా చీపురు, బూడిద తెచ్చుకుని తనే ఎత్తడం మొదలెట్టింది. నేను సాయం వెళితే చెయ్యి అడ్డంపెట్టింది. ఆమె చూపు నేలమీదే ఉంది. పులిహోర మెతుకులు విడివిడిగా, వేరుశనగ గింజలు వేయించినవి వేయించినట్టే, రాత్రి తిన్న ఎండుచేప ముక్కతో సహా.

"అప్పా, సూడు" అంది చీపురు ఆపి. "నానొండిందే. ఒక్క మెతుకైనా అరగలేదు. ఇన్నాల్లూ ఆడి కడుపులో ఎయ్యలేదే నాను. కుప్పలో పోసినాను."

అంటూనే తనకీ వాంతి వచ్చి పక్కకి తిరిగింది. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

ముసలయ్య శుభ్రంగా ఉన్న దిమ్మలు కొన్ని వేరుచేసి గుళ్ళోకి మోశాడు. మిగతాది గొయ్యి తీసి పూడ్పించాడు. తిరిగి వచ్చి నూకమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మీ, మొక్కినప్పుడు ఈడెంతున్నాడు?"

"ఈనుపుల్లంత, తాతా."

"ఆ ఈనుపుల్లనే కదా అమ్మోరు నీకు తిరిగిచ్చింది. దాని ఎత్తు కంటే ఎక్కువే నాను లోపలెట్టినాను. ఇంక బాకీ లేదు. ఇంటికి తీసుకుపో."

మర్నాడు పొద్దున నూకమ్మ ఆ కంచు కంచాన్ని చింతపండుతో తోమి, నెత్తిన పెట్టుకుని గుడికి వెళ్ళింది. ప్రసాదం పంచడానికి వాడుకోమని ముసలయ్య చేతిలో పెట్టి వట్టి చేతులతో వచ్చింది. ఆ పూట పోలరాజు ముందు చిన్నమ్మి తినే స్టీలు పళ్ళెం పడింది. మొదట రెండు గరిటెల అన్నం, ఆనపకాయ కూర. అది అయ్యాక మారు. మారు అంటే ఒక్క గరిటె, చారుతో. ఆచారం తప్పలేదు, గుట్ట మాత్రం లేదు. ఇంత తేలికని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు, నాతో సహా.

తేలిక అన్నాను గానీ తినేవాడికి తేలిక కాదు. మొదట్లో పళ్ళెం ఖాళీ అయ్యాక కూడా వేళ్ళతో గీరుతూ కూర్చునేవాడు. నూకమ్మ లోపలికి పోయి గుడ్లనీళ్ళు కుక్కుకునేది గానీ గరిటె ముట్టేది కాదు. కారియరులో గిన్నెలు తగ్గాయి. రామ్‌బిలాస్ రోజూ తన సైకిలు నడిపించుకుంటూ పోలరాజు పక్కన కార్ఖానా దాకా నడిచేవాడు, జిలేబీ కొట్టు వచ్చేసరికి ఏదో కబురు ఎత్తుకుని అటు దాటించేసేవాడు. సైకిలున్న మనిషి నడవాల్సిన పనేముంది? అడిగితే గాలి తక్కువుందనేవాడు.

బస్తీ ఊరుకుందా? కుళాయి దగ్గర ఒకావిడ అననే అంది. "ఏటే నూకమ్మా, మొగుడికి కూడెట్టడం మానేసినావంట?"

"ఎడతన్నానే. కూడే ఎడతన్నాను. ఇన్నాల్లూ మీ అందరి సరదా ఎట్టినాను" అంది నూకమ్మ బిందె ఎత్తుకుంటూ.

రథయాత్ర అయ్యాక పరీక్ష జరిగింది. సన్నబడిపోయాడని కాదు. పొట్ట ఉంది, కాకపోతే చొక్కా గుండీలు పడుతున్నాయి. డాక్టరు తూచి, ఇంకా తగ్గాలి, ముందు నిచ్చెన ఎక్కడం చూస్తానన్నాడట. పోలరాజు ఎక్కాడు. సగంలో, ఆనాడు చిక్కుకున్న మెట్టు దగ్గర, ఒక్క క్షణం ఆగాడట. పోలరాజు కిందికి చూసి, రామ్‌బిలాస్ ఎక్కడున్నాడో చూసుకుని, రొప్పకుండా మిగతా సగం ఎక్కేశాడు. డాక్టరు కాగితం మీద సంతకం పెట్టాడు, శీతాకాలంలో మళ్ళీ రమ్మని.

ఆ మాట తెలియగానే బస్తీ మగవాళ్ళు ఏం చేశారో చెబితే నమ్మరు. క్రేను నిలిచిందని గుడి దగ్గర విందు పెట్టారు! లడ్లు, బూందీ, మాంసం. పోలరాజుని తీసుకెళ్ళి బంతి మొదట్లోనే కూర్చోబెట్టారు. పూడ్చిన బెల్లం గొయ్యి అక్కడికి నాలుగడుగులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మావా, ఇయాల మాత్రం కాదనకు!" అంటూ, ఆనాడు ఛీ అని పారిపోయినవాడే లడ్డూల పళ్ళెంతో వచ్చాడు.

పోలరాజు రెండు చేతులూ చాపి విస్తరి మీద బోర్లా కప్పాడు. వాడు నవ్వి, ఆ చేతుల మీదే లడ్డూ పెట్టాడు. దాని మీద ఇంకొకటి. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. పోలరాజు చేతులు తియ్యలేదు. నవ్వలేదు కూడా.

ఆడవాళ్ళ బంతిలోంచి నూకమ్మ ఎంగిలి చేత్తోనే లేచింది. వచ్చి ఆ లడ్లు రెండూ తీసి వాడి పళ్ళెంలోనే పడేసింది.

"నాయినా, మా ఆయన్ని మల్లీ తక్కెట్లో కూకోబెట్టాలని సరదాగా ఉన్నాదా? బెల్లం నీ ఇంటికాణ్ణించి తే. ఎత్తడానికి సీపురు కూడా నువ్వే అట్టుకురా."

వాడు పళ్ళెం తీసుకుని పక్క విస్తరికి పోయాడు. నూకమ్మ మొగుడి చేతులు కొంగుతో తుడిచి, అతని విస్తరిలో ఒక గరిటె అన్నం వేసింది.

"తిను. మారుకి నానొత్తాను."

పోలరాజు చిన్న ముద్ద చేసుకుని నమలడం మొదలెట్టాడు.